గబ్బిలం నేర్పే నిగ్రహం

చెన్నై నగరానికి ఉత్తరాన, కొసస్థలైయారు సముద్రంలో కలిసే చోట ఎన్నూరు ఉంది. ఇటువంటి తీరప్రాంతపు ఊళ్లలో పొద్దుగూకే వేళ గబ్బిలాలు ఆకాశంలోకి ఎగరడం అందరూ ఎరిగిన దృశ్యమే. పగలంతా తలకిందులుగా వేలాడి, చీకటి పడగానే ఆహారానికి బయలుదేరే ఈ ప్రాణిని మనవారు అపశకునంగా భావిస్తూ వచ్చారు. అంతటి నిరాదరణకు గురైన జీవినే గుఱ్ఱం జాషువా 1941లో వెలువడిన తన 'గబ్బిలం' కావ్యంలో దూతగా ఎన్నుకున్నాడు. ఇటీవల గబ్బిలంపై మరో నింద పడింది. అది ప్రాణాంతకమైన వైరస్‌లను మోసుకు తిరుగుతుందన్నదే ఆ నింద. ఇందులో నిజమెంత? ఆ వైరస్‌లు గబ్బిలాన్నే ఎందుకు చంపడం లేదు?

నిందలో కొంత నిజం ఉంది. 1998-99లో మలేషియాలో నిపా వైరస్ పండ్లు తినే గబ్బిలాల నుండి పందులకు, పందుల నుండి మనుషులకు సోకి నూరుమందికి పైగా మరణించారు. 2018లో అదే వ్యాధి కేరళలోని కోళికోడ్ జిల్లాలో తలెత్తింది. పేరాంబ్ర ఆసుపత్రిలో రోగికి సేవ చేసిన నర్సు లినీ కూడా దానికి బలైంది. 2020లో పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రజ్ఞులు తమిళనాడుతో సహా కొన్ని ప్రాంతాల గబ్బిలాలలో కరోనా జాతి వైరస్‌లను కనుగొన్నారు. అయితే అవి కోవిడ్ కలిగించిన వైరస్ కావు. వాటివల్ల మనుషులకు జబ్బు చేసినట్లు ఆధారమూ లేదు.

వైరస్ ప్రవేశించగానే మన శరీరంలోని కణాలు 'ఇంటర్‌ఫెరాన్' అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. అది పొరుగు కణాలను హెచ్చరిస్తుంది. ఆపైన జ్వరం, వాపు వస్తాయి. ఇవన్నీ రక్షణ చర్యలే. కాని ఒక్కొక్కప్పుడు ఈ చర్యలు హద్దు మీరుతాయి. అప్పుడు శత్రువుతో పాటు మన ఊపిరితిత్తులు, ఇతర అవయవాలు కూడా దెబ్బతింటాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లు అవుతుంది. తీవ్రమైన వైరస్ వ్యాధులలో చాలామంది ప్రాణాలకు ముప్పు తెచ్చేది ఈ అతివాపే.

గబ్బిలం తీరు వేరు. ఆస్ట్రేలియాలోని నల్ల గబ్బిలాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, వాటి కణాలలో వైరస్ లేనప్పుడు కూడా కొంత ఇంటర్‌ఫెరాన్ తయారవుతూనే ఉంటుందని 2016లో ప్రకటించారు. అంటే కావలివాడు ఎప్పుడూ మేల్కొనే ఉంటాడు. మరోవైపు వాపును రగిలించే ఏర్పాట్లు గబ్బిలంలో మందగించి ఉంటాయని 2018, 2019 సంవత్సరాలలో జరిగిన పరిశోధనలు తెలిపాయి. కాపలా గట్టిది, కోపం తక్కువ. అందువల్ల వైరస్ పూర్తిగా నశించకపోయినా, గబ్బిలం ఆరోగ్యంగానే ఉంటుంది.

ఈ గుణం గబ్బిలానికి ఎలా అబ్బింది? క్షీరదాలలో నిజంగా ఎగరగలిగినది గబ్బిలం ఒక్కటే. ఎగరడం మహాశ్రమ. ఆ సమయంలో కొన్ని జాతుల గుండె నిమిషానికి వేయిసార్ల దాకా కొట్టుకుంటుంది. ఆ శ్రమకు కణాలలోని డి.ఎన్.ఏ. దెబ్బతిని, దాని ముక్కలు బయటపడవచ్చు. శరీరం వాటిని శత్రువులుగా భ్రమించి ప్రతిసారీ వాపు తెచ్చుకుంటే గబ్బిలం బతకలేదు. అందుకే ఈ నిగ్రహం అలవడి ఉంటుందని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. దీర్ఘాయువుకు కూడా ఇదే ఒక కారణం కావచ్చు. సైబీరియాలో దొరికిన ఒక చిన్న గబ్బిలం కనీసం 41 సంవత్సరాలు జీవించినట్లు తేలింది.

అలాగని గబ్బిలం అన్ని వైరస్‌లనూ తట్టుకోలేదు. రేబిస్ దాన్ని కూడా చంపుతుంది. చెట్లు నరికివేతకు గురై, తిండి దొరకక గబ్బిలం నీరసిస్తే వైరస్‌ది పైచేయి అవుతుంది. అప్పుడు లాలాజలం, మూత్రం ద్వారా అది ఎక్కువగా బయటకు వస్తుంది. గబ్బిలాలను వెళ్లగొట్టడం వల్ల ముప్పు తగ్గకపోగా పెరగడానికి కారణం ఇదే.

కాబట్టి జాగ్రత్త మనది. గబ్బిలాలు కొరికిన పండ్లు తినరాదు. మంచి పండ్లనైనా కడిగి తినాలి. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు నోరు పెట్టిన పచ్చి ఈత నీరా తాగినవారికి నిపా సోకింది. అందుచేత మూత లేని కుండలలోని నీరా తాగరాదు. నేలపై పడి ఉన్న గబ్బిలాన్ని చేతితో తాకరాదు. అది కరిచినా గీరినా వెంటనే సబ్బునీటితో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

గబ్బిలాలు పూలకు పరాగసంపర్కం చేస్తాయి, విత్తనాలు వెదజల్లుతాయి, పురుగులను తింటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్లు తినే గబ్బిలాలను హానికర జంతువుల పట్టికలో చేర్చింది. 2022 నాటి సవరణతో ఆ పట్టికే తొలగిపోయింది. చట్టం నింద తొలగించింది. మనుషుల మనసులోనూ అది తొలగాలి. చెట్టును గబ్బిలానికి వదిలి, దూరంగా మెలగడమే ఇద్దరికీ క్షేమం.

ప్రశ్నలు
1. శరీర రక్షణ చర్యలు హద్దు మీరితే ఏమవుతుంది?
2. "కాపలా గట్టిది, కోపం తక్కువ" – ఈ మాటలను వివరించండి.
3. గబ్బిలాలను వెళ్లగొడితే ముప్పు ఎందుకు పెరుగుతుంది?
4. మీ ఊరిలో గబ్బిలాల గురించి పెద్దలు చెప్పుకునే మాటలు సేకరించి, వాటిలోని నిజానిజాలు చర్చించండి.