దొరలు వెళ్లారు, యుద్ధనౌకలు వచ్చాయి

1967 నవంబరులో బ్రిటన్ విదేశాంగ శాఖ సహాయ మంత్రి గొరన్వీ రాబర్ట్స్ గల్ఫ్ షేకుల దగ్గరికి వచ్చి, మేమెక్కడికీ పోవడం లేదని భరోసా ఇచ్చి వెళ్లాడు. రెండు నెలలు తిరిగాయో లేదో, 1968 జనవరిలో అదే మనిషి మళ్లీ దిగాడు. ఈసారి తెచ్చిన కబురు వేరు: 1971 ఆఖరుకల్లా మా సైన్యం ఖాళీ చేస్తోంది. లండన్ దగ్గర డబ్బుల్లేవు. అబుధాబి పాలకుడు షేక్ జాయెద్, దుబాయ్ పాలకుడు షేక్ రషీద్ కంగుతిన్నారు. ఖర్చే ఇబ్బందైతే మేం భరిస్తాం, ఉండండి అన్నారు. బ్రిటన్ రక్షణ మంత్రి డెనిస్ హీలీ ఆ మాటను టీవీలో ఎగతాళి చేసి కొట్టిపారేశాడు.

దొరల సైన్యానికి స్థానిక పాలకుడు ఖర్చులివ్వడం తెలుగువాళ్లకు వింతేమీ కాదు. 1798లో నిజాం కుదుర్చుకున్న సైన్య సహకార ఒప్పందం అదే కదా. ఆ పద్దు కిందే 1800లో రాయలసీమ కుంఫిణీ చేతుల్లోకి వెళ్లి దత్త మండలాలైంది. గల్ఫ్ షేకులు సీమలు రాసివ్వలేదు. వాళ్ల దగ్గర చమురుంది. బ్రిటన్ కాదంటే కొనుక్కునేందుకు ఇంకో రక్షకుడు దొరుకుతాడని తర్వాత తేలింది.

నేటి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అప్పటికి దాదాపు నూటయాభై ఏళ్లుగా బ్రిటిష్ నీడలో ఉంది. 1820 నాటి సముద్ర ఒప్పందంతో మొదలై, 1892 నాటి ఒప్పందంతో షేకుల విదేశీ వ్యవహారాలన్నీ బ్రిటన్ గుప్పిట్లోకి పోయాయి. పెత్తనం నడిచిందేమో చాలావరకు భారతదేశం నుంచి. 1903లో వైస్రాయి కర్జన్ షార్జా తీరాన లంగరేసి, షేకులను ఓడమీదికే పిలిపించుకుని దర్బారు చేశాడు. 1909లో తెరిచిన దుబాయ్ పోస్టాఫీసులో అమ్మింది ఇండియా స్టాంపులు. బజారులో చెల్లింది 1966 దాకా రూపాయే. ఆ ఏడాది ఢిల్లీ రూపాయి విలువ తగ్గించేసరికి షేకులు దాన్ని వదిలేశారు. 1973లో దిర్హం వచ్చింది. 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హంలన్నది కదలని ధర. నెలాఖరున ఎక్స్ఛేంజి ముందు నిలబడి ఈరోజు రేటెంత అని అడిగే జగిత్యాల మేస్త్రీకి చెప్పేది పేరుకు దిర్హం రేటు, అసలుకు డాలరు రేటు.

అమెరికా ఇక్కడికి సైన్యంతో రాలేదు. వాటాలతో వచ్చింది. 1898లో స్పెయిన్‌తో యుద్ధం చేసి ఫిలిప్పీన్స్‌ను, ప్యూర్టో రికోను, గువామ్‌ను కలిపేసుకున్న దేశం అది. గల్ఫ్‌లో మాత్రం ఆ పద్ధతికి చోటు లేదు, గస్తీ బ్రిటన్ కాస్తోంది. 1928లో అమెరికా కంపెనీల బృందం ఒకటి, తర్వాత ఇరాక్ పెట్రోలియం కంపెనీగా పేరు మారిన సంస్థలో 23.75 శాతం వాటా సంపాదించింది. ఆ బృందంలో చివరికి మిగిలినవి రెండు, తర్వాత ఎక్సాన్, మొబిల్ పేర్లతో మనకు తెలిసినవి. ఆ సంస్థకు చెందిన కంపెనీకే 1939లో అబుధాబి నేల 75 ఏళ్ల లీజుకు దక్కింది. అంటే రాయబారి రావడానికి 35 ఏళ్ల ముందే అమెరికా పెట్టుబడి వచ్చి కూర్చుంది.

అసలు తమాషా బురైమీలో బయటపడింది. నేటి అల్ ఐన్ పక్కన, ఖర్జూర తోటల మధ్య తొమ్మిది ఊళ్లు. కొన్ని అబుధాబివి, కొన్ని ఒమాన్‌వి. 1949లో సౌదీ అరేబియా ఇవి మావంది. ఇసుక కింద చమురుందన్న ఆశే మూలం. 1952 ఆగస్టులో సౌదీ అధికారి ఒకరు మనుషులతో వచ్చి హమాసా ఊళ్లో మకాం వేశాడు. సౌదీ తరఫున పాత పన్నుల లెక్కలు, తెగల వివరాలు కూర్చి వాదన తయారుచేసింది అరాంకో కంపెనీ పరిశోధన విభాగం. అరాంకో అమెరికన్లది. అబుధాబి వెనక బ్రిటన్, సౌదీ వెనక అమెరికా. అప్పట్లో అల్ ఐన్‌లో అన్న తరఫున పాలిస్తున్న జాయెద్, తనకు పెద్ద మొత్తంలో లంచం ఎర చూపారని మధ్యవర్తుల ముందు చెప్పాడు. జెనీవా విచారణ చెడిపోయాక, 1955 అక్టోబరు 26న బ్రిటిష్ అధికారుల కింద పనిచేసే స్థానిక దళం సౌదీ మనుషులను ఊళ్లోంచి తరిమేసింది. వాషింగ్టన్‌కు ఒళ్లు మండింది. విచిత్రమేమంటే ఎక్సాన్, మొబిల్‌ల పూర్వ కంపెనీలకు 1948 నుంచి అరాంకోలోనూ వాటా ఉంది. బురైమీ ఎవరికి పోయినా వాళ్ల పంపకానికి లోటు లేదు.

1966లో దుబాయ్ ఫతే చమురుక్షేత్రం బయటపడింది. తవ్విన పెద్ద చెయ్యి అమెరికా కాంటినెంటల్ ఆయిల్‌ది.

బ్రిటన్ పోతానన్నప్పుడు అమెరికా వియత్నాంలో పీకల్లోతు మునిగి ఉంది. 1969లో నిక్సన్, అదే గువామ్ దీవిలో నిలబడి, మిత్రుల రక్షణ ఇక ముందుగా మిత్రులే చూసుకోవాలన్నాడు. గల్ఫ్‌లో ఆ మిత్రులు ఇరాన్ షా, సౌదీ రాజు. ఈ ఏర్పాటు ధర షేకులకు వెంటనే తెలిసొచ్చింది. 1971 నవంబరు 30న షా నౌకాదళం షేకులు తమవనే తుంబ్ దీవుల్లోనూ అబూ మూసాలోనూ దిగింది. బ్రిటన్ ఇంకా పూర్తిగా పోలేదు, అమెరికా పెదవి కదపలేదు. డిసెంబరు 2న కొత్త దేశం పుట్టింది. మర్నాడే అమెరికా గుర్తించింది. అబుధాబిలోనే ఉండే రాయబారి మాత్రం 1974లో వచ్చాడు.

1979 జనవరిలో షా పారిపోయాడు, ఫిబ్రవరి మొదట్లో ఖొమేనీ దిగాడు. ఆ నెలాఖరునే ఎలిజబెత్ రాణి దుబాయ్ వచ్చి జెబెల్ అలీ పోర్టును ప్రారంభించింది. ఎడారిలో ఇంత పెద్ద రేవెందుకని షేక్ రషీద్‌ను నవ్వినవాళ్లు ఉన్నారు. గల్ఫ్‌ను బయటివాళ్లెవరు చేజిక్కించుకోవాలని చూసినా సైన్యంతో ఎదుర్కొంటామని 1980 జనవరిలో కార్టర్ ప్రకటించాక, అమెరికా నౌకలకు లోతైన బెర్తులు కావలసి వచ్చాయి. జెబెల్ అలీ తర్వాత్తర్వాత అమెరికా నౌకాదళం సొంత దేశం బయట ఎక్కువగా ఆగే రేవు అయింది. విమానవాహక నౌక కట్టేసుకునేంత లోతు గల్ఫ్‌లో మరోచోట అంత సులువుగా దొరకదు. పక్కనే ఫ్రీ జోన్ గోదాముల్లో తెలుగువాళ్లు షిఫ్టులు చేస్తుంటారు.

ఇరాన్, ఇరాక్ యుద్ధంలో చమురు ఓడలకు కాపలాగా వచ్చిన అమెరికా 1988లో నేరుగా పోరులోకి దిగింది. ఏప్రిల్ 14న శామ్యూల్ బి. రాబర్ట్స్ అనే యుద్ధనౌక ఇరాన్ మైనును తాకింది. అడుగున పెద్ద గండి పడింది, వెన్నుదూలం విరిగింది. పగులుతున్న పై కట్టడాన్ని నావికులు ఉక్కు తాళ్లతో బిగించి, మునిగిపోకుండా దుబాయ్‌కి చేర్చారు. అక్కణ్నుంచి ఇంకో భారీ ఓడ దాన్ని వీపున ఎక్కించుకుని అమెరికాకు మోసుకెళ్లింది.

ఆ తర్వాత జరిగిందానికి మరమ్మతు లేదు. జులై 3 ఉదయం బందర్ అబ్బాస్ నుంచి దుబాయ్ బయలుదేరింది ఇరాన్ ఎయిర్ 655. అరగంట కూడా పట్టని ప్రయాణం. విమానం పైకి లేస్తూ ఉండగానే అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ దాన్ని ఫైటర్ జెట్ అనుకుని క్షిపణులు వదిలింది. 290 మంది పోయారు. అందులో 66 మంది పిల్లలు, 10 మంది భారతీయులు. 1996లో అమెరికా 6.18 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది, తప్పును మాత్రం ఒప్పుకోలేదు. ఆ నౌక కెప్టెన్‌కు 1990లోనే పతకం ఇచ్చింది.

కువైట్ యుద్ధం తర్వాత 1994లో రక్షణ ఒప్పందం కుదిరింది. అబుధాబికి దక్షిణాన అల్ దఫ్రా స్థావరం నుంచి అమెరికా నిఘా విమానాలు, ఇంధన విమానాలు ఎగురుతున్నాయి. బ్రిటిష్ రెసిడెంటులా షేకుల మీద కూర్చునే అధికారి లేడు. ఎమిరేట్స్ స్థావరం ఇస్తుంది, ఆయుధాలు కొంటుంది. 2000లో ఎఫ్-16లు 80 కొంది, అమెరికా సొంత వాయుసేనకు లేనంత కొత్త రకం.

ఇంత చుట్టరికం ఉన్నా 2006లో ఒక చిత్రం జరిగింది. దుబాయ్ ప్రభుత్వ సంస్థ డీపీ వరల్డ్ బ్రిటన్ పాత ఓడల కంపెనీ పీ అండ్ ఓను 680 కోట్ల డాలర్లకు కొంది. న్యూయార్క్, మయామీ వంటి ఆరు అమెరికా రేవుల పనులు దాంతోపాటే వచ్చాయి. అరబ్బుల చేతికి మన రేవులా అని అమెరికాలో గగ్గోలు లేచింది. అధ్యక్షుడు బుష్ వీటో చేస్తానని బెదిరించినా, ప్రతినిధుల సభ కమిటీ 62-2 ఓట్లతో అడ్డం కొట్టింది. డీపీ వరల్డ్ ఆ వాటా అమ్ముకుని తప్పుకుంది. జెబెల్ అలీలో అమెరికా యుద్ధనౌకలకు రేవు ఇస్తున్నదీ ఆ దుబాయే మరి. సామ్రాజ్యాల్లో రాకపోకలు రెండు వైపులా ఒకేలా ఉండవని చూపడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

2022 జనవరి 17న యెమెన్ హౌతీల డ్రోన్లు అబుధాబి ముసఫ్ఫాలో చమురు ట్యాంకర్ల మీద పడ్డాయి. చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్తానీ. వారం తిరిగేసరికి క్షిపణులు వస్తే అల్ దఫ్రాలోని అమెరికా సైనికులు బంకర్లలో దూరారు. కొండంత అండ ఉందనుకున్న అబుధాబికి అది చాల్లేదనిపించింది. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడిని తప్పుపట్టే భద్రతామండలి తీర్మానంపై ఓటు వేయకుండా కూర్చున్న మూడు దేశాలు చైనా, ఇండియా, ఎమిరేట్స్. 2024 జనవరిలో బ్రిక్స్‌లోనూ చేరింది.

అమెరికా పట్టు దీంతో సడలిందనుకుంటే పొరపాటు. ఖలీఫా పోర్టులో చైనా చేపట్టిన నిర్మాణం వాషింగ్టన్ అభ్యంతరంతో 2021లో ఆగింది. 2024 ఏప్రిల్‌లో అబుధాబి ఏఐ సంస్థ జీ42లో మైక్రోసాఫ్ట్ 150 కోట్ల డాలర్లు పెట్టింది. చైనా పరికరాలను వదిలించుకోవడం ఆ బేరంలో భాగం. ఆ సెప్టెంబరులోనే అమెరికా ఎమిరేట్స్‌ను ప్రధాన రక్షణ భాగస్వామిగా ప్రకటించింది. అంతకుముందు ఆ హోదా ఇండియాకు ఒక్కదానికే ఉండేది. 2025 మేలో ట్రంప్ వచ్చినప్పుడు అబుధాబిలో 5 గిగావాట్ల ఏఐ కేంద్రం కబురు చెప్పారు. అందులో బిగించాల్సిన చిప్‌లకు ఎగుమతి అనుమతి ఇవ్వాల్సింది వాషింగ్టనే.