ఆవిడ షష్టిపూర్తి ఎవరు చేస్తారు?

మగవాళ్ళకి అరవయ్యేళ్ళు నిండితే షష్టిపూర్తి చేస్తాం. వాకిట్లో పందిరి, లోపల హోమం, వచ్చేపోయే చుట్టాలు... ఆయన పక్కన కొత్త పట్టుచీర కట్టుకుని ఇల్లాలు కూర్చుంటుంది. ఆయన మళ్ళీ ఆవిడ మెడలో మంగళసూత్రం కడతారు. అక్షింతలు పడతాయి. చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. మరి ఆ ఇల్లాలికి అరవై నిండేది ఎప్పుడు? ఆ రోజు ఆవిడ ఏం చేస్తుంది?

చాలా ఇళ్ళల్లో జవాబు ఒక్కటే. ఆ రోజు కూడా పొద్దున్నే లేచి పాలు కాస్తుంది, కూరలు తరుగుతుంది. ఎవరికైనా గుర్తుంటే పాయసం. అదీ ఆవిడే వండుకోవాలి!

మన తెలుగు సంవత్సరాలు ప్రభవ మొదలుకుని అక్షయ దాకా అరవై. పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ తిరిగొచ్చిందంటే మనిషి ఒక చుట్టు పూర్తి చేసినట్టు. మావారు 1963లో, శోభకృత్ నామ సంవత్సరంలో పుట్టారు. మళ్ళీ శోభకృత్ వచ్చిన 2023లో ఆయన షష్టిపూర్తి చేశాం. నేను పుట్టింది 1966లో, పరాభవ నామ సంవత్సరంలో. 2026 ఉగాదితో మొదలయ్యేదీ పరాభవే. "పేరు చూశావా వదినా, దీనికి పండగ కూడానా!" అని మా ఆడపడుచు నవ్వింది. నేనూ నవ్వేశాను. కానీ ఆ నవ్వు వెనక ఒక లెక్క ఉంది. అది మొదలైంది సరదాతో కాదు, భయంతో.

ఆ రాత్రి తెలిసొచ్చింది

2024లో ఒక రాత్రి మావారికి గుండెల్లో నొప్పి వచ్చింది. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చేసరికి మర్నాడు సాయంత్రమవుతుంది. ఈలోగా డబ్బు కట్టాలి, మందులు తేవాలి. ఏటీఎం కార్డు నా పర్సులోనే ఉంది. దాని నంబరు మాత్రం ఆయనకే తెలుసు. ఆయన మాట్లాడే స్థితిలో లేరు. పోనీ నంబరు తెలిసినా ఆ మిషను దగ్గర ఏది నొక్కాలో నాకు తెలియదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నేనెప్పుడూ దాని ముందు నిలబడలేదు మరి!

పక్క మంచం పేషెంటు తాలూకు ఆవిడ, నాకు పేరైనా తెలియని మనిషి, రెండువేలు సర్ది "రేపివ్వండి, ఫరవాలేదు" అంది. ఆ రాత్రి గడిచింది. దేవుడి దయవల్ల ఆయనకీ తగ్గింది. కానీ ఆ ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను పడ్డ సిగ్గు మాత్రం తగ్గలేదు. నలుగురికి వండి పెట్టగలను, పెళ్ళి పనులు ఒంటిచేత్తో చక్కబెట్టగలను. నా ఇంటాయన ప్రాణం మీదికొస్తే రెండువేలు తీయలేకపోయాను!

ఆలోచిస్తే నేను ఒక్కదాన్నే చేసిన పని ఏదీ కనిపించలేదు. కొత్త అమావాస్యకి నూకాలమ్మ తల్లి గుడికి వెళ్ళినా గుంపుతోనే. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఎవరో ఒకరి వెనకే. అమ్మాయి ఒకసారి "అమ్మా, నీకిష్టమైన కూర ఏది?" అని అడిగితే తెల్లబోయాను. నాన్నగారికి గుత్తివంకాయ, మావారికి బెండకాయ పులుసు, పిల్లాడికి బంగాళాదుంప వేపుడు. నాకు? అందరూ తిన్నాక మిగిలిందే నా కూర!

పాల లెక్కల పుస్తకం చివరి పేజీ

ఇంటికొచ్చిన వారానికి పాల లెక్కల పుస్తకం చివరి పేజీలో ఆరు పనులు రాసుకున్నాను. అరవై నిండేలోపు ఆరు. ఒకటి, ఏటీఎంలో నా చేత్తో డబ్బు తీయడం. రెండు, ఒక్కదాన్నే విశాఖ వెళ్ళి రావడం. మూడు, బొజ్జన్నకొండ ఎక్కడం. నాలుగు, కొండకర్ల ఆవలో దోనె ఎక్కడం. అయిదు, సైకిలు నేర్చుకోవడం. ఆరు, నా తొమ్మిదో తరగతితో ఆగిపోయిన చదువు.

మొదటిది పది నిమిషాల పని. దానికి నాకు ఆరు దశాబ్దాలు పట్టింది. మొదటిసారి అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. రెండోసారి అది బయట నిలబడింది. మూడోసారి నేనొక్కదాన్నే. మీరూ నేర్చుకునేటట్టయితే ఇవి గుర్తుంచుకోండి. నంబరు కార్డు మీదా, పర్సులోనూ రాసి పెట్టకండి. "నేను తీసిపెడతానమ్మా" అని వచ్చే కొత్తవాళ్ళ చేతికి కార్డివ్వకండి. నొక్కేటప్పుడు రెండో చెయ్యి అడ్డం పెట్టుకోండి. బ్యాంకు నుంచని చెప్పి ఫోనులో నంబరడిగితే పెట్టెయ్యండి. ఏ బ్యాంకూ అలా అడగదు.

విశాఖ ప్రయాణం 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 'స్త్రీ శక్తి' పేరుతో ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణం మొదలయ్యాక పెట్టుకున్నాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టిక్కెట్టు చింపి ఇచ్చాడు. బస్టాండులో మా వీధి పిల్ల కనిపించి, "ఏటి పిన్నీ, ఒక్కదానివే ఎల్తన్నావేటి?" అంది. "అవునే, ఒక్కదాన్నే" అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బీచిలో కురుసుర సబ్‌మెరీన్ లోపలికి వెళ్ళి చూశాను. నౌకాదళం విరమించిన ఈ జలాంతర్గామిని 2002లో మ్యూజియం చేశారు. ఆ ఇరుకులో అంతమంది నెలల తరబడి ఎలా ఉండేవారో, వాళ్ళకి వంటెవరు చేసేవారో అనుకున్నాను. మన బుద్ధి ఎక్కడికి పోతుంది! తర్వాత హోటల్లో ఒక్కదాన్నే కూర్చుని మసాలా దోసె తిన్నాను. తినేటప్పుడు ఎవరి కంచంలోకీ చూడక్కర్లేదు. వేడివేడిగా మొదటి దోసె నాకే!

ఊరి పక్కనే ఉన్నా...

అనకాపల్లికి కూతవేటు దూరంలో శంకరం గ్రామం. అక్కడే బొజ్జన్నకొండ, లింగాలకొండ. కనుమ తిరునాళ్ళకి చిన్నప్పుడు కింది దాకా వెళ్ళినదాన్నే కానీ, పైకెక్కి నిదానంగా చూసిందే లేదు. శంకరం అనే పేరు బౌద్ధుల 'సంఘారామం' నుంచి వచ్చిందంటారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ అనే ఆయన తవ్వకాలు జరిపిస్తే ఈ బౌద్ధ క్షేత్రం చరిత్ర లోకానికి తెలిసింది. కొండరాయినే తొలిచిన గుహలు, నడుమ రాతి స్తూపం, గోడల మీద బుద్ధుడి విగ్రహాలు. పక్కన లింగాలకొండ మీద వరసలు వరసలుగా చిన్న స్తూపాలు. లింగాల్లా ఉంటాయి కనకే ఆ పేరు.

నా మోకాళ్ళు రెండుచోట్ల ఆగమన్నాయి. ఆగాను. మళ్ళీ ఎక్కాను. పైనుంచి చూస్తే పచ్చటి చేలు, దూరంగా మన ఊరు. ఇన్నేళ్ళు ఆ ఊళ్ళో ఉండి, ఊరిని పైనుంచి చూడ్డం అదే మొదలు. మీరు వెళితే పొద్దున్నే, ఎండ ముదరకముందే వెళ్ళండి. మంచినీళ్ళు, పట్టు జారని చెప్పులు మరిచిపోకండి. మోకాళ్ళ నొప్పో, బీపీనో ఉంటే ముందు డాక్టరుగారిని అడగండి.

దోనె మాట చెబితే మావారు "ఈ వయసులో నీకు నీళ్ళ మీద షికారా!" అన్నారు. చివరికి ఆయనే వెంట వచ్చారు. అచ్యుతాపురం దగ్గరి కొండకర్ల ఆవ మంచినీటి సరస్సు, పక్షుల తావు. తాటిమానులు తొలిచి చేసిన దోనెలు అక్కడివి. కలువలూ తామరాకులూ తోసుకుంటూ దోనె కదిలితే నేను గట్టిగా పట్టుకున్నది ఆయన చెయ్యి. ఆయన పట్టుకున్నది నా చెయ్యి! ఎవరికి ఎవరు ధైర్యమో ఆ నీళ్ళకే తెలియాలి.

సైకిలు మాత్రం రాలేదు. ఇంటి వెనక ఖాళీ స్థలంలో రెండుసార్లు పడ్డాను, మోచెయ్యి గీరుకుపోయింది. ఇక చాలనుకుని ఆ అంకె మీద గీత కొట్టేశాను. రాసుకున్నవన్నీ జరగాలని లేదు. ప్రయత్నించి వదిలేసినదానికీ, భయపడి వదిలేసినదానికీ తేడా ఉంది.

వాళ్ళకి లేని వయసు మనకెందుకు?

కేరళలో కార్త్యాయని అమ్మ అనే ఆవిడ 96 ఏళ్ళ వయసులో, 2018లో, అక్షరాస్యతా పరీక్ష రాసి నూటికి 98 మార్కులు తెచ్చుకుంది. 1984లో ఎవరెస్టు ఎక్కిన మొదటి భారతీయ మహిళ బచేంద్రి పాల్, 2022లో యాభై దాటిన ఆడవాళ్ళ బృందాన్ని వెంటబెట్టుకుని అరుణాచల్ నుంచి లడఖ్ దాకా హిమాలయాల్లో నడిపించింది. అప్పటికి ఆవిడ వయసు 67. మన తెలుగింటి మస్తానమ్మ నూరేళ్ళు దాటానని చెప్పుకునే వయసులో, 2016 నుంచి, పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండుతూ వీడియోల్లో కనిపించి ప్రపంచమంతటికీ తెలిసింది. వాళ్ళంత మనం చెయ్యక్కర్లేదు. వాళ్ళు మొదలుపెట్టిన వయసు చూసి మన సాకు మాత్రం మానుకుంటే చాలు.

మీరూ రాసుకోండి

నలభై అయినా, యాభై అయినా, అరవై అయినా సరే. ఒక కాగితం తీసుకోండి. అందులో మూడు రకాలుండాలి. ఒకటి అవసరం: బ్యాంకు పని, గ్యాసు బుకింగు, ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో తెలుసుకోవడం. రెండోది సరదా: ఏటికొప్పాక వెళ్ళి అంకుడు కర్ర మీద లక్క రంగు ఎలా ఎక్కుతుందో కళ్ళారా చూడ్డం, మాడుగుల హల్వా మాడుగులలోనే తినడం లాంటివి. మూడోది మీలో మిగిలిపోయినది: ఆగిన చదువో, మానేసిన పాటో, మూలపడ్డ కుట్టుమిషనో.

ఖర్చు కోసం పోపుడబ్బాలో వారానికి యాభై వేసుకోండి. ఇంట్లో చెప్పే వెళ్ళండి, కానీ అనుమతి కోసం ఆగిపోకండి. 'వెళ్ళనా?' అనడానికీ, 'వెళ్ళొస్తాను, అన్నం వండి పెట్టాను' అనడానికీ తేడా మనకే తెలుస్తుంది. మొదటిసారి తోడు తీసుకెళ్ళినా తప్పులేదు, మూడోసారి మాత్రం ఒక్కరే వెళ్ళండి.

నా కాగితం మీద ఇంకొక్కటి మిగిలింది. ఆరోది. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పధ్నాలుగేళ్ళు నిండితే చాలు, పై వయసుకి హద్దు లేదు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాసవ్వాలనీ లేదు. దరఖాస్తు నింపాను. లెక్కలంటే ఇప్పటికీ గుండె దడే. అయినా రోజూ రాత్రి గిన్నెలు సర్దాక ఒక గంట కూర్చుంటున్నాను. మావారు పక్కన కూర్చుని "ఇది తప్పు, మళ్ళీ చెయ్యి" అంటున్నారు. ఆయన మందుల చీటీ, మాత్రల టైమూ నేను చూసుకుంటున్నాను. ఇద్దరికీ పరీక్షే!

నా షష్టిపూర్తికి పందిరి వెయ్యరని తెలుసు. ఫరవాలేదు. ఆ రోజు నాకిష్టమైన కూర వండుకుంటాను. అదేమిటో ఇప్పుడు తెలిసింది లెండి... అనకాపల్లి బెల్లం వేసిన తియ్యగుమ్మడి పులుసు! ఆ రోజు మొదటి వడ్డన కూడా నాకే. మరి మీ కూర ఏమిటి? తెలియకపోతే, మీ కాగితం మీద మొదటి అంకె అదే వేసుకోండి.