చుక్కల చిరునామా

శ్రీహరికోటలో ప్రయోగం తేదీ ఖరారైందంటే సూళ్లూరుపేటలో లాడ్జి గదులకు గిరాకీ పెరుగుతుంది. ఇస్రో పెద్దలు చెంగాళమ్మ గుడికి వస్తారు. ఆ సందడితో పాటు ఫోన్లలో ఇంకో పని కూడా నడుస్తుంటుంది. అక్కడి అంతరిక్ష కేంద్రం షార్‌లోని సందర్శకుల గ్యాలరీ నుంచి రాకెట్ చూడాలనుకునేవాళ్లు ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 2019లో ఆ గ్యాలరీ తెరిచినప్పటి నుంచి ఇదే పద్ధతి. అందుకు వెళ్లాల్సిన చోటు: ఎల్‌వీజీ డాట్ షార్ డాట్ గవ్ డాట్ ఇన్.

నాలుగు ముక్కలు, మధ్యలో మూడు చుక్కలు. మనం ఎడమ నుంచి చదువుతాం, కంప్యూటర్లు మాత్రం కుడి నుంచి మొదలుపెడతాయి. పోస్టు కవరు మీద చిరునామా కూడా అంతే కదా. సార్టింగ్ చేసే మనిషి ముందు అడుగున ఉన్న పిన్‌కోడ్ చూస్తాడు, ఇంటి నంబరు సంగతి చివర్లో పోస్ట్‌మ్యాన్ చూసుకుంటాడు. ఇక్కడ అన్నిటికన్నా పెద్దది ‘ఇన్’, అంటే ఇండియా. దాని కింద ‘గవ్’, ప్రభుత్వ సంస్థల కోసం కేటాయించింది. దాని కింద ‘షార్’. అంతరిక్ష కేంద్రానికి 2002లో సతీశ్ ధవన్ పేరు పెట్టినా, ఊళ్లో నోటికి అలవాటైన షార్ అన్న మాటే నెట్‌లోనూ నిలిచిపోయింది. చివరి ముక్క ‘ఎల్‌వీజీ’ గ్యాలరీది. షార్ పేరు చేతిలో ఉన్నవాళ్లు దాని ఎడమ పక్కన ఎన్ని కొత్త ముక్కలైనా చేర్చుకోవచ్చు, పైవాళ్లను అడగక్కర్లేదు.

సూళ్లూరుపేట రైల్వే స్టేషన్‌లో నిలబడి ఒక కుర్రాడు ఆ పేరు టైప్ చేశాడనుకుందాం. నెట్‌లో ఒక యంత్రం ఇంకో యంత్రాన్ని చేరాలంటే కావాల్సింది పేరు కాదు, ఐపీ నంబరు. ఆ నంబరు కోసం ఫోన్ తన నెట్‌వర్క్ కంపెనీ సర్వర్‌ని అడుగుతుంది. దాన్ని రిజాల్వర్ అంటారు. దానికీ తెలియకపోతే రూట్ సర్వర్ దగ్గరికి వెళ్తుంది. ఏ నుంచి ఎం వరకు ఇంగ్లిష్ అక్షరాల పేర్లతో రూట్ సర్వర్లు 13. ఒక్కో పేరు వెనక ప్రపంచమంతటా బోలెడు నకళ్లు ఉంటాయి కాబట్టి ప్రశ్న సముద్రాలు దాటాల్సిన పని సాధారణంగా ఉండదు. రూట్ సర్వర్‌కి షార్ ఎక్కడుందో తెలియదు, ‘ఇన్’ బాధ్యత ఎవరిదో మాత్రం తెలుసు. అక్కడికి పొమ్మంటుంది. ‘ఇన్’ సర్వర్ ‘గవ్’ వాళ్ల దగ్గరికి పంపుతుంది, వాళ్లు షార్ నేమ్‌సర్వర్‌ని చూపిస్తారు, అదే నంబరు చెబుతుంది. ఇదంతా సాధారణంగా రెప్పపాటులో అయిపోతుంది. వచ్చిన జవాబును రిజాల్వర్ కొంతసేపు దాచుకుంటుంది, పక్కనున్నాయన అదే పేరు అడిగితే మళ్లీ తిరగకుండా చెప్పేస్తుంది. ఎంతసేపు దాచుకోవచ్చో నిర్ణయించేది పేరు సొంతదారే.

ఈ ఏర్పాటు దెబ్బతింటే ఏమవుతుందో 2021 అక్టోబర్ 4 రాత్రి మన ఊళ్లన్నీ చూశాయి. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు పనిచేయలేదు. నిర్వహణ పనుల్లో జరిగిన పొరపాటు వల్ల ఆ మూడింటినీ నడిపే కంపెనీ నేమ్‌సర్వర్లకు దారి చూపే సమాచారమే నెట్ నుంచి మాయమైంది. నంబరు చెప్పేవాళ్లు లేక ఫోన్లన్నీ అడిగిందే అడుగుతూ ఉండిపోయాయి.

ఈ ఏర్పాటుకు ముందున్న పద్ధతి వింటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో పేర్లన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. కొత్త కంప్యూటర్ పెట్టినవాళ్లు వాళ్లకు కబురు పెడితే ఫైల్లో ఒక వరస చేరేది, మిగతా అందరూ దాన్ని దించుకునేవారు. వందల కంప్యూటర్లున్నంత కాలం బండి నడిచింది, ఆ తర్వాత మోయలేకపోయింది. జాన్ పోస్టెల్ అప్పజెప్పగా పాల్ మోకపెట్రిస్ 1983లో కొత్త పద్ధతి రూపొందించాడు. జాబితా అంతా ఒక్కరి దగ్గర ఉండనక్కర్లేదు, ఎవరి ముక్క వాళ్లే చూసుకుంటారు, పైవాడికి కిందివాడి చిరునామా తెలిస్తే చాలు. 1987లో ఆయనే మెరుగుపరిచిన ప్రమాణాలు కొన్ని చేర్పులతో ఈనాటికీ నడుస్తున్నాయి. 1985 మార్చి 15న నమోదైన సింబాలిక్స్ డాట్ కామ్ మొట్టమొదటి డాట్ కామ్.

మన ‘ఇన్’ 1989లో పుట్టింది. పదిహేనేళ్లు గడిచినా దాని కింద ఉన్నవి కొన్ని వేల పేర్లే, నిబంధనలు అంత బిగుతుగా ఉండేవి. 2005లో నిక్సీ సంస్థ చేతికి వచ్చి తలుపులు తెరిచాక సామాన్యులూ తీసుకోవడం మొదలైంది. కొన్నామని అంటుంటారు గానీ నిజానికి ఇది అద్దె. గడువుకి డబ్బు కట్టకపోతే పేరు ఇంకొకరి పాలు కావచ్చు. తెలుగు లిపిలో ‘డాట్ భారత్’ కూడా ఉంది. యంత్రాలకు పాత ఏర్పాటు ప్రకారం ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే అర్థమవుతాయి కాబట్టి, మనం తెలుగులో కొట్టింది లోపల ‘ఎక్స్‌ఎన్’, రెండు అడ్డగీతలతో మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాల వరసగా మారిపోతుంది.

ఆ అడ్డగీతే తిరుపతి జిల్లాలో పోలీసు కేసుదాకా వెళ్లింది. అప్పట్లో టీటీడీ బుకింగ్ సైట్ చిరునామా తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. 2023 ఏప్రిల్‌లో దేవస్థానం ఒక నకిలీని బయటపెట్టింది. దాని పేరు తిరుపతిబాలాజీ, అడ్డగీత, ఏపీ, అడ్డగీత, గవ్, డాట్ ఆర్గ్. అంతకు ముందే 40 నకిలీ సైట్ల మీద కేసులున్నాయని, ఇది 41వదని టీటీడీ చెప్పింది.

మోసం ఎక్కడుందో కుడి నుంచి చదివితే తేలిపోతుంది. చివర ఉన్నది ‘ఆర్గ్’. దాని ముందున్న చుక్క తప్ప ఎడమన ఇంకో చుక్క లేదు, అక్కడ ఉన్నదంతా కలిపి ఒకే ముక్క. అడ్డగీత దేన్నీ విడదీయదు, మామూలు అక్షరంతో సమానం. కాబట్టి అందులో ‘గవ్’ కనిపించినా ప్రభుత్వానికీ దానికీ సంబంధం లేదు, డబ్బు కట్టి ఎవరైనా అలాంటి పేరు తీసుకోవచ్చు. అసలు సైట్‌లో ఏపీకి, గవ్‌కి, ఇన్‌కి మధ్య చుక్కలున్నాయి, గవ్ డాట్ ఇన్ కింద పేర్లు ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇస్తారు. అలాగని ‘ఆర్గ్’ అంటేనే దొంగ అనుకోనక్కర్లేదు. దేవస్థానం వాళ్ల తిరుమల డాట్ ఆర్గ్ అసలైనదే, ఇస్రో కూడా చాలాకాలం ఇస్రో డాట్ ఆర్గ్‌గానే ఉంది. ఇక బ్రౌజర్‌లో కనిపించే తాళం గుర్తుని నమ్ముకుంటే లాభం లేదు. మధ్యలో ఎవరూ వినట్లేదని అది చెబుతుందే గానీ, అవతల ఉన్నది దొంగా దొరా అన్నది చెప్పదు. 2024 జనవరిలో టీటీడీ సైట్ పేరు టీటీదేవస్థానమ్స్ అని మారింది. మారింది ఎడమ ముక్కే, కుడి పక్క ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అలాగే ఉంది.

బ్యాంకులకూ ఇదే బెడద. అందుకే రిజర్వు బ్యాంకు 2025 అక్టోబర్ 31లోగా బ్యాంకులన్నీ ‘బ్యాంక్ డాట్ ఇన్’ కిందికి మారాలని ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థకి ఒక్కదానికే ఉంది, అందులోనూ బ్యాంకులకు తప్ప ఎవరికీ ఇవ్వరు. అయితే ఆ రెండు ముక్కలు చిరునామా చివరనే ఉండాలి. వాటి తర్వాత ఏటవాలు గీత వస్తే పర్లేదు, పేరు అక్కడితో అయిపోయినట్టే. ఇంకో చుక్క, దాని వెనక ‘కామ్’ లాంటిదేదైనా ఉంటే మాత్రం ఆ సైట్ బ్యాంకుది కాదు, ఆ చివరి పేరు ఎవరు తీసుకున్నారో వాళ్లది.