పికప్ ట్రక్కు తరం మారేటప్పుడు

పికప్ ట్రక్కుకు కొత్త తరం వస్తోందంటే బంపరు, లైట్లు మారుతున్నాయని కాదు. అలాంటి మెరుగులు మధ్యమధ్యలో దిద్దుతూనే ఉంటారు. చాసిస్, బాడీ, క్యాబిన్, ఇంజన్లు... వీటిలో ఎక్కువ భాగాన్ని మొదటి నుంచి మళ్లీ గీసి, తయారుచేసే అచ్చులను కూడా మార్చినప్పుడే అది కొత్త తరం. అమెరికాలో పెద్ద పికప్‌లకు ఈ మార్పు సాధారణంగా ఆరేడేళ్లకోసారి వస్తుంది. అంతకాలం ఎందుకు పడుతుందో, కొనేవాళ్లు అంత ఆత్రంగా ఎందుకు ఎదురుచూస్తారో తెలియాలంటే 2015 మోడల్‌గా వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 చరిత్ర చూడాలి.

తెలుగు ఊళ్లలో టాటా ఏస్, బొలెరో పికప్ కిరాయికి తిరిగే బళ్లు. అమెరికాలో పికప్ పని బండీ, ఇంటి బండీ కూడా. రైతు, వడ్రంగి, చమురు బావుల దగ్గర పనిచేసే మనిషి వారమంతా అందులోనే సామాను మోసి, ఆదివారం కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని చర్చికి వెళతారు. ఫోర్డ్ 1925లో మోడల్-టి కారుకు వెనక తొట్టి బిగించి ఫ్యాక్టరీ నుంచే అమ్మడం మొదలుపెట్టింది. ఎఫ్-150 చెందిన ఎఫ్-సిరీస్ 1948లో వచ్చింది. 1977 నుంచి అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే ట్రక్కు అదే. 2013లో ఒక్క ఆ దేశంలోనే సుమారు 7.6 లక్షలు అమ్ముడయ్యాయి. బయటి పోటీ తక్కువగా ఉండటానికి ఒక పాత వాణిజ్య తగాదా కూడా కారణం. అమెరికా కోళ్ల మాంసంపై ఐరోపా దేశాలు సుంకం పెంచితే, అందుకు ప్రతిగా అమెరికా 1964 నుంచి దిగుమతి ట్రక్కులపై 25 శాతం సుంకం వేసింది. కోడి మాంసం గొడవ ఎప్పుడో చల్లారినా ఆ సుంకం మాత్రం పోలేదు. అందుకే టయోటా లాంటి విదేశీ కంపెనీ కూడా తన పెద్ద పికప్‌ను అమెరికాలోనే తయారుచేస్తోంది.

ఇంతగా అమ్ముడయ్యే బండిని మార్చడం ఏ కంపెనీకైనా సాహసమే. 2014 జనవరిలో డెట్రాయిట్ ఆటో ప్రదర్శనలో ఫోర్డ్ ఆవిష్కరించిన కొత్త ఎఫ్-150లో చాసిస్ ఉక్కుదే, బాడీ, వెనక తొట్టి మాత్రం అల్యూమినియం మిశ్రమ లోహంతో చేసినవి. దాంతో బండి బరువు గరిష్ఠంగా 700 పౌండ్లు, అంటే దాదాపు 317 కిలోలు తగ్గింది. మైలేజీ పెంచాలని ప్రభుత్వ నిబంధనలు ఏటికేడు బిగుస్తున్న కాలమది. బరువు తగ్గితే 2.7 లీటర్ల టర్బో వి-6 లాంటి చిన్న ఇంజన్ సరిపోతుంది, తగ్గిన బరువు మేరకు సామానూ ఎక్కువ వేసుకోవచ్చు. అల్యూమినియం ఫోర్డ్‌కు పూర్తిగా కొత్తేమీ కాదు. జాగ్వార్ దాని చేతిలో ఉన్నప్పుడు, 2003లో వచ్చిన ఎక్స్‌జే కారు బాడీ ఆ లోహంతోనే తయారైంది. తర్వాత 2008లో జాగ్వార్ టాటా మోటార్స్‌కు దక్కింది. కాకపోతే ఖరీదైన కార్లను కొద్ది సంఖ్యలో చేయడం వేరు, ఏటా లక్షల ట్రక్కులు చేయడం వేరు.

ఇనుము చేతికి అలవాటైన రైతు అల్యూమినియం తొట్టిని నమ్ముతాడా? ఫోర్డ్‌ను వేధించిన ప్రశ్న ఇదే. దానికి జవాబు కోసం చేసిన పరీక్షలు ఆవిష్కరణ కంటే ఎంతో ఆసక్తికరమైనవి. అల్యూమినియం తొట్టి బిగించిన ట్రక్కులను లోహం సంగతి చెప్పకుండానే కొన్ని కంపెనీలకు గనుల్లో, నిర్మాణ పనుల్లో వాడుకోమని ఇచ్చారు. 2013లో మెక్సికో ఎడారిలో జరిగే బాహా 1000 పందెంలో పాత మోడల్ రూపం కింద కొత్త బాడీని దాచి పరుగెత్తించారు. చూసినవాళ్లకు అది పాత ట్రక్కే. కొత్త తరం బళ్లను రోడ్డు మీద పరీక్షించేటప్పుడు నలుపు తెలుపు సుడుల స్టిక్కర్లు అంటించి, అసలు ఒంపులు తెలియకుండా అదనపు మెత్తలు కట్టడం పరిశ్రమలో మామూలే. వాటిని ఫొటోలు తీయడానికి మాటువేసి బతికే ఫొటోగ్రాఫర్లూ ఉన్నారు.

ఫ్యాక్టరీలో మార్పు ఇంకా లోతైనది. ఉక్కు రేకులను స్పాట్ వెల్డింగ్‌తో అతికినంత తేలికగా అల్యూమినియాన్ని అతకలేరు. అది వేడినీ కరెంటునూ చాలా త్వరగా పోనిస్తుంది, పైన గట్టి ఆక్సైడ్ పొర ఉంటుంది. అందుకే రేకులకు ముందుగా రంధ్రం చేయకుండా నేరుగా దిగే రివెట్లు వేసి, వాటితోపాటు గట్టి జిగురు వాడతారు. ఉక్కును ఎత్తే అయస్కాంతాలకు అల్యూమినియం అంటుకోదు కనుక రేకులు పట్టుకునే పరికరాలు కూడా మారాలి. ఇందుకోసం 2014లో డియర్‌బార్న్ ఫ్యాక్టరీలో పాత మోడల్ తయారీ ఆపి, లోపల బాడీ విభాగాన్ని దాదాపు కొత్తగా నిర్మించారు. నవంబరుకు కొత్త ట్రక్కులు బయటికి రావడం మొదలైంది. కోత పెట్టగా మిగిలిన తుక్కును మిశ్రమాల వారీగా వేరుచేసి తిరిగి రేకుల కంపెనీకే పంపుతారు. ఆ రేకులు సరఫరా చేసేవాటిలో నోవెలిస్ ఒకటి. 2007లో దాన్ని కొన్నది ఆదిత్య బిర్లా గ్రూపులోని హిండాల్కో. అంటే అమెరికా రైతు పికప్ రేకుల్లో కొంత ఒక భారతీయ కంపెనీ మిల్లులో తయారవుతోంది.

కొత్త తరం కోసం చూసే కొనుగోలుదారుడు ప్రకటనల్లోని హార్స్‌పవర్ అంకె దగ్గరే ఆగిపోకూడదు. ట్రైలర్ లాగే సామర్థ్యాన్ని ఒకప్పుడు ఒక్కో కంపెనీ తనకు నచ్చినట్లు కొలిచేది. ఎస్ఏఈ సంస్థ జే-2807 అనే ఉమ్మడి ప్రమాణం తెచ్చాక పోల్చి చూడటం సాధ్యమైంది. అందులో ఒక పరీక్ష ఆరిజోనాలోని డేవిస్ డ్యామ్ చడావు. వేసవి ఎండలో ఏసీ పూర్తిగా వేసి, ట్రైలర్ తగిలించుకుని, నిర్ణీత వేగం తగ్గకుండా ఆ పొడవాటి ఎత్తు ఎక్కాలి. అయినా చాలామంది నిజంగా వాడుకునేది లాగే బరువును కాదు, తొట్టిలోనూ సీట్లలోనూ మోసే బరువును. అది డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఒకే మోడల్‌లో సన్‌రూఫ్, పెద్ద సీట్ల లాంటి హంగులు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. షోరూంలో అన్నిటికంటే ముందు చదవవలసింది ఆ స్టిక్కరే.

కొత్త లోహం ఎంత ఖర్చు తెచ్చిందో కూడా తేలింది. 2015లో అమెరికాలోని ఐఐహెచ్‌ఎస్ అనే రోడ్డు భద్రతా సంస్థ పాత, కొత్త ఎఫ్-150లను గుద్దించి చూసి, మరమ్మతు ఖర్చు కొత్తదానికి 26 శాతం ఎక్కువని లెక్కగట్టింది. ఉక్కు రజను అంటితే అల్యూమినియానికి తుప్పు సమస్య రావచ్చు కనుక టింకరింగ్ షెడ్డులో దానికి విడిగా చోటు, విడిగా పనిముట్లు కావాలి. 2016లో పోటీ కంపెనీ షెవ్రొలే తన ఉక్కు తొట్టిలోకీ ఫోర్డ్ తొట్టిలోకీ రాళ్లు దిమ్మరించి, ఫోర్డ్ తొట్టికి చిల్లులు పడ్డాయని ప్రకటనల్లో చూపించింది. ఫోర్డ్ మాత్రం వెనక్కి తగ్గలేదు. 2017 మోడల్ సూపర్ డ్యూటీకీ, 2020లో వచ్చిన తర్వాతి తరం ఎఫ్-150కీ అదే లోహం వాడింది. ఈ తరం హైబ్రిడ్ మోడల్ 7.2 కిలోవాట్ల వరకు కరెంటు కూడా ఇస్తుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ మంచు తుఫానులో కరెంటు పోయినప్పుడు వాటిని జనానికి అప్పుగా ఇవ్వమని ఫోర్డ్ డీలర్లను కోరింది. మంచి ఇంజనీరింగ్ మనిషికి ఎలా అక్కరకొస్తుందో అక్కడ కళ్లకు కట్టింది.

ఎలక్ట్రిక్ పికప్‌ల విషయంలో నిరీక్షణ ఖరీదైన పాఠం నేర్పింది. టెస్లా 2019లో సైబర్‌ట్రక్ ధర 39,900 డాలర్ల నుంచి మొదలవుతుందని చెప్పింది. 2023 నవంబరు ఆఖరున తొలి బళ్లు ఇచ్చేనాటికి మొదటి ధర దాదాపు 61 వేలకు చేరింది. ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌ను 2021లో 40 వేలకు కాస్త తక్కువని ప్రకటించింది. 2023 మార్చికి అది దాదాపు 60 వేలై, అదే ఏడాది జులైలో మళ్లీ తగ్గింది. ఆవిష్కరణ రోజున చెప్పే ధరను నమ్మి పాత బండిని ముందే అమ్ముకున్నవాడికి ఇబ్బంది తప్పదు. కంపెనీ డెలివరీ తేదీ, తుది ధర రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఆగడమే మేలు. కొత్త మోడల్ దగ్గరపడేకొద్దీ పాత స్టాకు మీద తగ్గింపులు ఇస్తారు. తొందర లేనివాళ్లకు అదే లాభసాటి బేరం కావచ్చు.

2025 ఆగస్టులో ఫోర్డ్ మరో కొత్త తరాన్ని ప్రకటించింది. నాలుగు తలుపుల మధ్యతరహా ఎలక్ట్రిక్ పికప్‌ను 2027లో లూయివిల్ ఫ్యాక్టరీ నుంచి, సుమారు 30 వేల డాలర్ల ప్రారంభ ధరకు తెస్తామంటోంది. బండిని ముందు భాగం, వెనక భాగం, బ్యాటరీ అని మూడుగా విడివిడిగా కూర్చి, చివర్లో కలపాలన్నది ప్రణాళిక.