పిల్లల్ని వదిలి ఇద్దరమే దీవికి వెళ్లొద్దామా?

అక్కలూ, చెల్లెళ్లూ, ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. పోయిన ఏడాదిలో పిల్లలు పక్కన లేకుండా, సరుకుల కోసమో ఆసుపత్రి పని మీదో కాకుండా, మీరూ మీ ఆయనా ఇద్దరే కూర్చుని గడిపిన గంటలు ఎన్ని? చాలామందికి ఒక చేతి వేళ్లు సరిపోతాయి. కొందరికి అవి కూడా ఎక్కువే.

ఈ మాట ఎత్తగానే మనలో ఒక భయం లేస్తుంది. "పిల్లల్ని వదిలేసి మొగుడూ పెళ్లాలు షికార్లకి పోయారంట" అని ఊళ్లో అనుకుంటారేమోనని. అత్తగారు ఏమీ అనకపోయినా ఆవిడ మౌనం మనకి వినిపిస్తూనే ఉంటుంది. అమ్మయితే నేరుగానే అడుగుతుంది, "ఇప్పుడు అంత అవసరమా?" అని. అవసరమే అమ్మా. ఎందుకో, ఎక్కడికో, పిల్లల్ని ఎలా ఉంచి వెళ్లాలో వరుసగా చెప్తాను. ఊళ్లో ఉన్న అమ్మలూ అత్తమ్మలూ కూడా చదవండి, ఇందులో మీ పనే ఎక్కువ.

మామీర్‌లో కాపురాలు

మామీర్ తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. బహ్రెయిన్ తూర్పు తీరాన, సిత్రా దీవికి దగ్గరగా ఉన్న పల్లె ఇది. పక్కనే 1936 నుంచి నడుస్తున్న చమురు శుద్ధి కర్మాగారం. చుట్టూ గ్యారేజీలు, వెల్డింగ్ షాపులు, గోడౌన్లు. గాలిలో వచ్చే వాసన గురించి ఈ ఊరివాళ్లు ఏళ్లుగా మొర పెట్టుకుంటూనే ఉన్నారు. కరీంనగర్, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లకి ఈ చుట్టుపక్కలే బతుకుతెరువు.

ఇక్కడ కాపురం అంటే షిఫ్టులు. ఆయన తెల్లారకుండానే కంపెనీ బస్సెక్కుతారు. నేను నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆయన తాగిన టీ గ్లాసు సింకులో ఉంటుంది. మా మాటలన్నీ ఫ్రిజ్ మీద చీటీల్లోనే: గ్యాస్ అయిపోయింది, చిన్నోడికి చార్టు కావాలి, ఫీజు గడువు పదో తారీకు. నర్సులకి ఇంకోలా చెప్తే తొందరగా అర్థమవుతుంది. మొగుడూ పెళ్లాం ఒకే వార్డులో రెండు షిఫ్టుల స్టాఫ్‌లా అయిపోతాం. హ్యాండోవర్ ఇచ్చుకుంటాం, వెళ్లిపోతాం.

కాపురాలు పెద్ద గొడవలతోనే చెడతాయని అనుకుంటాం గానీ, ఇక్కడ ఎక్కువగా మాటలు తగ్గిపోయి చెడతాయి. ఆయనకి ఒంట్లో బాగుండటం లేదన్న సంగతి ఆయన రూమ్మేటు చెప్తే తెలియడం, మనం ఉద్యోగం మారాలనుకుంటున్న సంగతి ఆయనకి గ్రూపులో చూస్తే తెలియడం, ఇవి చాలా ఇళ్లల్లో జరుగుతున్నవే. పిల్లల ముందు ఇవేవీ మాట్లాడుకోలేం. పిల్లలు పడుకున్నాక మాట్లాడుకునే ఓపిక ఇద్దరిలో ఎవరికీ ఉండదు. అందుకే కొన్ని గంటలు విడిగా తీసిపెట్టుకోవాలి.

మనం ఉన్నదే దీవి

గోదావరి లంకల నుంచి వచ్చిన వాళ్లకి లంక అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. బహ్రెయిన్ కూడా అలాంటి లంకల గుంపే, చుట్టూ ఉన్నది ఏరు కాదు సముద్రం, అంతే తేడా. కొబ్బరి తోటలు, పచ్చటి కొండలు మాత్రం ఆశించకండి. ఇవి ఎడారి దీవులు. ఇసుక, లోతు లేని నీళ్లు, పక్షులు.

మొదటి మెట్టుగా అల్ దార్ దీవులు చూడండి. సిత్రా జాలర్ల రేవు నుంచి పడవలో కొద్ది నిమిషాల్లో వెళ్లిపోవచ్చు. మామీర్ నుంచి ఆ రేవు ఎంతో దూరం లేదు. ఇసుక తీరం ఉంది, నీడకి గుడిసెలు అద్దెకిస్తారు. శుక్ర, శనివారాలు జనం ఎక్కువ. మనకి ఆఫ్ వారం మధ్యలో పడుతుందని ఏడుస్తాం కదా, ఇక్కడ అదే లాభం. పిల్లలు స్కూల్లో ఉన్న గంటల్లోనే వెళ్లి, బస్సు దిగేలోపు తిరిగి రావచ్చు. ఎవరికీ అప్పగించే పని లేదు, ఎవరికీ జవాబు చెప్పే పని కూడా లేదు. కాకపోతే తిరుగు పడవ ఎన్నింటికో ఎక్కేముందే అడిగి పెట్టుకోండి.

రెండోది జరాదా. ఇది ఇసుక తిన్నె. పోటు మీద ఉన్నప్పుడు దాదాపు అంతా మునిగిపోతుంది, ఆటుకి బయటపడుతుంది. బహ్రెయిన్, ఖతార్ మధ్య హద్దుల తగాదాలో అంతర్జాతీయ న్యాయస్థానం 2001లో ఇచ్చిన తీర్పులో దీని కొలతలు కూడా రాశారు: పోటులో 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, ఆటులో 600 మీటర్ల పొడవు, 75 మీటర్ల వెడల్పు. అంటే మన వంటింటంత నేల కొన్ని గంటల్లో ఊరి చెరువు గట్టంత అవుతుందన్న మాట. పడవ మాట్లాడుకుని వెళ్లాలి, ఆటుపోట్ల వేళ చూసుకునే బయల్దేరాలి. అక్కడ నీడ ఉండదు, మంచినీళ్లు ఉండవు. గొడుగు, నీళ్లు, పులిహోర డబ్బా మనమే పట్టుకెళ్లాలి.

మూడోది హవార్ దీవులు. అదే 2001 తీర్పులో ఇవి బహ్రెయిన్‌వని తేలింది. పటంలో చూస్తే ఖతార్‌కే దగ్గర. సొకోత్రా నీటికాకులు ప్రపంచంలోనే అతి పెద్ద గుంపుగా గూళ్లు పెట్టేది ఇక్కడే. చుట్టుపక్కల నీళ్లలో సముద్రపు ఆవులు మేస్తాయి. రాత్రి ఉండటానికి రిసార్టు ఉంది. ఒక రాత్రి ఇంటికి దూరంగా, పాస్‌పోర్టు గొడవ లేకుండా ఉండాలంటే ఇది చూసుకోవచ్చు.

ఏ దీవికైనా నవంబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది. ఎండాకాలంలో ఒళ్లు మాడిపోతుంది, ఉత్తరపు గాలి లేస్తే సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఈత వచ్చినా రాకపోయినా పడవలో లైఫ్ జాకెట్ వేసుకోండి, చీర మీదైనా సరే.

మాల్దీవులకి వెళ్లాలనుకుంటే

ఫోటోల్లో చూసే నీలం నీళ్లు, కొబ్బరి చెట్లు కావాలంటే మాల్దీవులు. ఖర్చు విని భయపడతాం గానీ రెండు రకాలున్నాయి. దీవంతా ఒకే రిసార్టు ఉండేవి ఖరీదైనవి. స్థానికులు నివసించే దీవుల్లో గెస్ట్‌హౌసులు చాలా చవక. మాఫుషి లాంటి దీవికి మాలే నుంచి స్పీడ్‌బోటులో గంటలోపే చేరుకోవచ్చు. ఆ ఊళ్లలో ఒళ్లు కప్పుకునే బట్టలే వేసుకోవాలి, ఈత దుస్తులకి వేరే బీచ్ ఉంటుంది. మద్యం దొరకదు. మన ఆడవాళ్లకి ఇదే హాయి అనిపిస్తుంది.

తెలుసుకోవాల్సినవి ఇవి. భారతీయులకి అక్కడ దిగాక 30 రోజుల వీసా ఉచితంగా ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఆన్‌లైన్ ఫారం నింపాలి, అది కూడా ఉచితమే, ఎవరైనా డబ్బడిగితే నమ్మకండి. రూము రేటు పక్కన ప్లస్ గుర్తులుంటే జాగ్రత్త, దాని మీద 10 శాతం సర్వీసు చార్జీ, 17 శాతం పన్ను పడతాయి. అది కాక పర్యావరణ పన్ను: చిన్న గెస్ట్‌హౌసులో మనిషికి రాత్రికి 6 డాలర్లు, రిసార్టులో 12. ఆరు డాలర్లంటే మన రెండుంపావు దినార్లు. సీప్లేన్లు పగటిపూటే ఎగురుతాయి, సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలేలో గది తీసుకోవాల్సి వస్తుంది. పూజకి చిన్న విగ్రహాలు సంచిలో పెట్టుకునే అలవాటున్న వాళ్లు అవి ఇంట్లోనే ఉంచండి, అక్కడి కస్టమ్స్ వాళ్లు ఒప్పుకోరు.

ఎప్పుడు వెళ్లాలన్నదే అసలు చిక్కు. నేను చెప్పే తేలిక మార్గం ఇది. బహ్రెయిన్ కార్మిక చట్టం ప్రకారం ఏడాది పనిచేసిన వాళ్లకి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఉంది. ఇళ్లల్లో పనిచేసే వాళ్లకి కూడా ఆ సెలవు వర్తిస్తుంది. ఆ నెల మనం ఎలాగూ ఊళ్లోనే గడుపుతాం. అందులో మూడు రాత్రులు మీ ఇద్దరికని పక్కన పెట్టండి. పిల్లలు అమ్మమ్మ ఇంట్లో, బావలూ మరదళ్ల మధ్య మనల్ని తలుచుకునే తీరికే లేకుండా ఉంటారు. బెంగళూరు, కొచ్చి నుంచి మాలేకి విమానాలున్నాయి. జులై, ఆగస్టు అక్కడ వానల కాలం కాబట్టి గదులు చవక. వానలో కూర్చుని మాట్లాడుకోవడానికే కదా వెళ్తున్నది!

పిల్లల్ని అప్పగించేటప్పుడు

"దుకాణానికెళ్లి వస్తా" అని చెప్పి చల్లగా జారుకోవడం మన ఇళ్లల్లో పాత అలవాటు. దయచేసి అలా చేయకండి. పిల్లవాడు ఆ తర్వాత మీరు నిజంగా దుకాణానికి వెళ్లినా ఏడుస్తాడు. ఎన్ని రాత్రులో, ఎవరి దగ్గర పడుకోవాలో, ఎప్పుడు వస్తామో చెప్పి వెళ్లండి. క్యాలెండరులో రోజుకొకటి కొట్టేయమనండి. ఎనిమిది నెలల నుంచి ఏడాదిన్నర మధ్య పిల్లలకి తల్లి కనబడకపోతే బెంగ ఎక్కువ. ఆ వయసులో పగటిపూట ప్రయాణంతో సరిపెట్టుకోండి, రాత్రులు తర్వాత చూసుకోవచ్చు.

నర్సుగా ఈ చీటీ తప్పకుండా రాసి గోడకి అంటించమంటాను:

పిల్లల బరువు, పడని మందులు, రోజూ వాడే మందులు.

జ్వరం మందు మోతాదు. పారాసెటమాల్ బరువు కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మోతాదుకీ మోతాదుకీ కనీసం 4 నుంచి 6 గంటల ఎడం, 24 గంటల్లో 4 సార్లకి మించకూడదు. సిరప్‌లో 120, 250 అని రెండు బలాలుంటాయి, సీసా మార్చి పోస్తే మోతాదు రెండింతలవుతుంది. అందుకే మీ సీసా మీదే ఎన్ని ఎమ్మెల్ పోయాలో రాసి పెట్టండి.

ఎమర్జెన్సీ నంబర్లు: బహ్రెయిన్‌లో 999, మన ఊళ్లో అంబులెన్సుకి 108.

పిల్లల సీపీఆర్ కార్డులు, ఇన్సూరెన్సు కార్డులు, పాస్‌పోర్టు నకళ్లు, "మేము లేనప్పుడు వైద్యం చేయించడానికి ఫలానా వాళ్లకి అనుమతి ఇస్తున్నాం" అని ఇద్దరూ సంతకం చేసిన కాగితం.

ఇక ఫోను. రోజుకి ఒక్కసారి, ఒకే వేళకి, పిల్లలు టిఫిన్ తిని ఆటలో ఉన్నప్పుడు చేయండి. పడుకునే వేళ వీడియో కాల్ చేస్తే సర్దుకున్న పిల్లలు కూడా మళ్లీ ఏడుపు అందుకుంటారు. అమ్మలూ, అత్తమ్మలూ, మీరు కూడా "మీ అమ్మ నిన్ను వదిలి వెళ్లిపోయింది చూడు" అని సరదాకైనా అనకండి. తిరిగొచ్చాక మీకు పట్టుచీరో, మోకాళ్ల బెల్టో, మీరు అడిగింది తేవాల్సిన బాధ్యత మాది.

ఇరుగుపొరుగు వాళ్ల దగ్గర ఉంచితే ఆ సాయం అప్పుగా భావించండి. వాళ్ల పిల్లల్ని ఇంకో వారం మీరు ఉంచుకోండి. రెండు కుటుంబాలు ఇలా మార్చుకుంటే ఖర్చు లేకుండానే ఏడాదికి రెండుసార్లు వీలవుతుంది.

పిల్లలు ఊళ్లోనే ఉన్న అక్కలకి

ఇంతవరకు చదివి "పిల్లలు లేకుండానా? మాకు రోజూ అదే కదా" అనుకున్న వాళ్లు ఉంటారు. అమ్మ దగ్గరో అత్తమ్మ దగ్గరో పిల్లల్ని ఉంచి ఇక్కడ డ్యూటీలు చేస్తున్న నర్సులు మనలో ఎంతోమంది. మీకు సెలవంటే పిల్లలే, అందులోంచి ఒక్క రోజు కూడా తీయమని నేను అనను. మీకు ఈద్ సెలవులున్నాయి, ఆఫ్ రోజులున్నాయి. ఆ రోజు ఓవర్‌టైము ఒప్పుకోకుండా అల్ దార్ పడవ ఎక్కండి. పిల్లలు దూరంగా ఉన్నారని మీరిద్దరూ నవ్వడం మానేస్తే పిల్లలకి ఒరిగేదేమీ లేదు.

ఆయన ఇక్కడ క్యాంపులో, మీరు పిల్లలతో ఊళ్లో ఉంటే, రెండు వారాల విజిట్ వీసా మీద మీరే రావడం కూడా ఒక మార్గం. పిల్లల పరీక్షలు లేని రోజులు చూసుకోండి. క్యాంపు గదిలో ఉండటం కుదరదు కాబట్టి అన్నీ అమర్చిన చిన్న గది ముందే మాట్లాడమనండి. ఆయన పనిచేసే చోటు, తినే మెస్సు, నడిచే రోడ్డు ఒక్కసారి కళ్లారా చూస్తే, ఆ తర్వాత ఫోనులో "తిన్నావా?" అన్న మాటకి అర్థమే మారిపోతుంది.

వీలైతే ఒక పూట ముహర్రక్ వెళ్లండి. ముత్యాల కోసం మునిగే మగవాళ్లు ఎండాకాలమంతా, దాదాపు నాలుగు నెలలు, సముద్రం మీదే ఉండేవాళ్లు. వాళ్లు బయల్దేరిన బూ మాహిర్ తీరం, వర్తకుల ఇళ్లు, మూడు ముత్యపు చిప్పల దిబ్బలు 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఒడ్డున ఎదురుచూసే ఆడవాళ్లు ఈ దీవికి కొత్త కాదని అక్కడ అర్థమవుతుంది.

అక్కడికి వెళ్లాక

ఫీజులు, ప్లాటు వాయిదాలు, ఆడపడుచు పెళ్లి ఖర్చులు మొదటి రోజు ఎత్తకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. మొదటి రోజు నిద్రపోండి. నైట్ డ్యూటీలు చేసిన ఒంటికి అదే పెద్ద విహారం. రెండో రోజు మూడు ప్రశ్నలు అడగండి: నీ ఒంట్లో ఎలా ఉంది, ఇంకా ఎన్నాళ్లు ఇక్కడ ఉందాం, నా వల్ల నీకు కష్టంగా ఉన్నదేమిటి. జవాబు మధ్యలో అడ్డు రాకండి. నెలసరి వాయిదా వేసుకునే మాత్రలు మాత్రం స్నేహితురాలి మాట మీద వేసుకోకండి. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకి అవి ప్రమాదం, డాక్టర్‌ని అడగండి.

వచ్చే నెల డ్యూటీ రోస్టరు రాగానే మీ ఆఫ్, ఆయన ఆఫ్ కలిసిన ఒక రోజుకి గుండ్రంగా గీత గీయండి. ఎక్కడికి వెళ్లారో, ఎంత అయ్యిందో, పిల్లల్ని ఎవరు చూసుకున్నారో గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. మామీర్, సిత్రా చుట్టుపక్కల పిల్లల్ని మార్చి మార్చి చూసుకోవడానికి సిద్ధంగా ఉన్న వాళ్లు కూడా పేర్లు చెప్పండి. మొదటి పేరు నాదే రాసుకోండి.