సిజర్ లిఫ్టు బ్యాటరీ ఆయుష్షు రాత్రి చార్జింగులోనే ఉంది

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారాల్లోనూ, ముద్దనూరు సమీపాన 1994లో ఉత్పత్తి ప్రారంభించిన రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్లా ఎత్తైన షెడ్ల దీపాలు, పైపులు బాగుచేయాలంటే మనిషిని భద్రంగా పైకి చేర్చే సాధనం కావాలి. కత్తెరలా విచ్చుకుంటూ లేచే ఇనుప చట్రంపై వేదిక ఉండే సిజర్ లిఫ్టు అటువంటిదే. విద్యుత్ సిజర్ లిఫ్టుల్లో సాధారణంగా ఆరు వోల్టుల సీసం-ఆమ్ల బ్యాటరీలు నాలుగింటిని వరుసగా కలిపి 24 వోల్టులు రాబడతారు. అవి త్వరగా పాడవడానికి వాటి నాణ్యత కంటే చార్జింగు అలవాట్లే ఎక్కువసార్లు కారణమవుతాయి.

కరెంటు వాడుతున్నంతసేపూ బ్యాటరీలోని పలకల మీద సీసపు సల్ఫేటు మెత్తని పొరగా పేరుకుంటుంది; వెంటనే చార్జింగు పెడితే ఆ పొర కరిగి పలకలూ ఆమ్లమూ మునుపటి స్థితికి వస్తాయి. చార్జి దిగిన బ్యాటరీని రోజుల తరబడి వదిలేస్తే మాత్రం పొర గట్టి స్ఫటికాలుగా మారి, ఆపై ఎంత చార్జింగు పెట్టినా కరగదు. దీనినే సల్ఫేషన్ అంటారు. అందువల్ల లిఫ్టును ఏ కొంచెం వాడినా ఆ సాయంత్రమే చార్జింగు పెట్టడం, చార్జరు తనంతట తాను ఆగేదాకా తీయకపోవడం, చార్జి 20 శాతానికి దిగకముందే పని ఆపడం అవసరం. చివరి 20 శాతం నిండడానికి మొదటి 80 శాతంతో పోలిస్తే ఎంతో నెమ్మదిగా, గంటల కొద్దీ సమయం పడుతుంది కనుక, మధ్యాహ్న భోజన విరామంలో అరగంట పెట్టి తీసే అలవాటు ఈ రకం బ్యాటరీకి మేలు చేయదు. లిథియం బ్యాటరీలకు ఈ నియమం వర్తించదు. వాటిని విరామాల్లోనూ కొంచెం కొంచెంగా చార్జి చేసుకోవచ్చు.

కడప జిల్లాలో చార్జింగు అలవాట్లకు ఎండ కూడా తోడవుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ నేల మీద ఎండ ప్రభావాన్ని ఎంత నొక్కి చెప్పినా తక్కువే, ఎందుకంటే బ్యాటరీ ఉష్ణోగ్రత సుమారు పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందన్నది ఈ రంగంలో స్థిరపడిన అంచనా. చార్జింగు సమయంలో బ్యాటరీ స్వతహాగా వేడెక్కుతుంది కాబట్టి, ఎండలో నిలిపిన లిఫ్టును నీడకు చేర్చి, కాస్త చల్లబడనిచ్చి, రాత్రి గాలి ఆడే చోట చార్జింగు పెట్టాలి. ఆ సమయంలో వెలువడే హైడ్రోజన్ వాయువు మండే స్వభావం గలది. దగ్గరలో బీడీ వెలిగించినా ప్రమాదమే.

వేడికి బ్యాటరీలోని నీరు కూడా త్వరగా తగ్గుతుంది. నాపరాతి నేలల్లోని బోరు నీటిలో కాల్షియం లవణాలు ఎక్కువ కనుక డిస్టిల్డ్ వాటర్ తప్ప మరే నీరూ పోయరాదు. అదీ పలకలు బయటపడినట్లయితే అవి మునిగేంత వరకే ముందు పోసి, మిగిలినది చార్జింగు పూర్తయ్యాకనే నింపాలి, లేకపోతే చార్జింగులో ఆమ్లం వ్యాకోచించి పొంగి కారుతుంది. బ్యాటరీపై పేరుకున్న సిమెంటు దుమ్ము తడిసిందంటే రెండు టర్మినళ్ల మధ్య కరెంటుకు దారి ఏర్పడి చార్జి నెమ్మదిగా కారిపోతుంది, కనుక మూతలు బిగించే శుభ్రం చేయాలి. ఆమ్లపు సాంద్రత కొలిచే హైడ్రోమీటరు నిండిన సెల్లులో సుమారు 1.265 నుంచి 1.280 వరకు చూపుతుంది. రాత్రంతా చార్జింగు పెట్టినా మిగతావాటి కన్నా బాగా తక్కువ చూపే సెల్లునే ముందుగా అనుమానించాలి.