బస్తర్‌లో ఇల్లు: 29 మీటర్లు, సెక్షన్ 165

పోయిన వానాకాలం హైదరాబాద్‌లో ఉండే మిత్రుడొకాయన వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. పచ్చటి చదును నేల, మధ్యలో అక్కడక్కడా తళుక్కుమంటున్న నీళ్లు, వెనక నీలంగా కొండల వరస. కింద రాశాడు: "జగదల్‌పూర్ దగ్గర ఎకరన్నర. రిటైరయ్యాక ఇల్లు కట్టుకుందామని. ఏమంటావ్?" ధర మరీ చవక. నాకు భయమేసింది అక్కడే.

జగదల్‌పూర్ ఉన్నది బస్తర్‌లో. అక్కడి చిత్రకోట జలపాతం అంకెలు టూరిస్టులందరికీ కంఠతా వచ్చు. జగదల్‌పూర్‌కి 38 కిలోమీటర్లు. ఇంద్రావతి నది అక్కడ 29 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. వానల్లో ధార వెడల్పు 300 మీటర్లకు చేరువవుతుంది. ఇల్లు కట్టుకునేవాడికి వీటితో పెద్దగా పనిలేదు. అతను ముందు తెలుసుకోవాల్సిన అంకె 165.

అది ఛత్తీస్‌గఢ్‌లో అమల్లో ఉన్న 1959 నాటి భూ రెవెన్యూ కోడ్‌లో ఒక సెక్షన్. బస్తర్ డివిజన్‌లో 7 జిల్లాలున్నాయి: కాంకేర్, కొండగావ్, బస్తర్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా. అన్నీ రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందివే. 165(6) ప్రకారం ఇక్కడ గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి వెళ్లకూడదు. అమ్మకమైనా, అప్పు కింద జమ అయినా చెల్లదు. అడ్డదారిలో చేతులు మారిన భూమిని తిరిగి ఆ కుటుంబానికే ఇప్పించడానికి 170-బి అని మరో సెక్షన్ ఉంది. అది 1959 అక్టోబరు 2 దాకా వెనక్కి వెళ్లి తవ్వుతుంది.

మన ఏజెన్సీలో 1/70 చట్టం తెలిసినవాళ్లకు ఇదేమీ వింత కాదు. 1/70 ఇంకా గట్టిది, అందులో గిరిజనేతరులు తమలో తాము కొనుక్కున్నా చెల్లదు. బస్తర్‌లో గిరిజనేతరుల పేరున ఉన్న స్థలం కొనే దారి ఉంది. దానిక్కూడా కొన్నిచోట్ల కలెక్టరు అనుమతి కావాలి కాబట్టి, జగదల్‌పూర్ వకీలుకు కాగితాలు చూపించకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. "మా డ్రైవరు గోండు, వాడి పేరున రాయించుకుందాం" అనే సలహా ఎవరో ఒకరు తప్పకుండా ఇస్తారు. అది మోసం. అందులో నష్టపోయేది కొన్నవాడొక్కడే అయితే నేనింత చెప్పేవాణ్ణి కాదు.

2011 జనాభా లెక్కల్లో బీజాపూర్ జిల్లాలో 10 మందికి 8 మంది గిరిజనులే. అప్పట్లో కొండగావ్‌తో కలిసి ఉన్న బస్తర్ జిల్లాలో సుమారు మూడింట రెండొంతులు. అంటే మ్యాపులో పచ్చగా కనిపించే నేలలో బయటివాడు కొనగలిగింది చిటికెడు. ఆ చిటికెడులో ఎక్కువ భాగం పట్టణాల్లోనే ఉంటుంది.

సరే, పట్టణమే అనుకుందాం. జగదల్‌పూర్ జనాభా 2011లో లక్షా పాతిక వేలు. "కొండ మీది ఊరు కదా, చల్లగా ఉంటుంది" అంటారు. జగదల్‌పూర్ ఎత్తు సముద్రమట్టానికి సుమారు 550 మీటర్లు. హైదరాబాద్ ఎత్తు కూడా అటూ ఇటూగా అంతే! అరకు 900 మీటర్లు దాటుతుంది. ఎత్తు వల్ల చల్లదనం కిలోమీటరుకు ఆరేడు డిగ్రీలని లెక్క, కాబట్టి ఆ లెక్కన హైదరాబాదీకి ఇక్కడ దక్కేది సున్నా. చలికాలం రాత్రులు వణికిస్తాయి, నిజమే. మే నెల ఎండ మాత్రం మే నెల ఎండలాగే ఉంటుంది. వానలో తేడా బాగా తెలుస్తుంది: ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్లు, హైదరాబాద్‌కి దాదాపు రెట్టింపు. పెంకుటింటికి ఏటా పెంకులు సర్దించుకునే ఓపిక ఉందా అని మా మిత్రుణ్ణి అడిగాను. జవాబు లేదు.

నిజంగా ఎత్తైన చోటు బైలదిల్లా, 1,200 మీటర్ల పైమాట. దాని కింద కిరందుల్, బచేలీ. ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కణ్ణుంచి జపాన్‌కు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరందుల్ రైలు మార్గం వేశారు. ఆ కేకే లైన్ పట్టుకుని వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి. కానీ అది గనుల ఊరు. ఉద్యోగం ఉంటే క్వార్టరు, లేకపోతే ఏమీ లేదు. 2024 జులై వానలకు గనుల వైపు నుంచి వచ్చిన ఎర్రటి బురద నీళ్లు కిరందుల్ ఇళ్లలోకి చొరబడ్డాయి.

తెలుగు వినిపించే చోటే కావాలంటే దక్షిణాన కోంటా ఉంది. శబరి ఒడ్డు, చింతూరుకు పక్కనే. ఇక్కడ దోర్లా జనం మాటలో సగం తెలుగు పలుకుతుంది. కానీ కోంటాలో ఇల్లు చూసేవాడు కోంటాను వదిలి భద్రాచలం వైపు చూడాలి. అక్కడ గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గర. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. గోదావరి అంత నిండినప్పుడు కూనవరం దగ్గర కలవాల్సిన శబరి వెనక్కి తంతుంది, కోంటా మునుగుతుంది. ఆ ఏడాదీ మునిగింది. పోలవరం పూర్తి నీటిమట్టం 150 అడుగులు అనగానే ఛత్తీస్‌గఢ్ ఉలిక్కిపడేది కూడా ఈ ఊరి కోసమే.

పైన ఇంద్రావతి కథ దీనికి తలకిందులు. ఒడిశా సరిహద్దులో నది నీళ్లు జోరా నాలాలోకి మళ్లి శబరి వైపు వెళ్లిపోతాయి. ఇంద్రావతిలో 45 టీఎంసీలు దిగువకు వదలాలని దశాబ్దాల కిందటే ఒప్పందమైంది, పేచీ మాత్రం తెగలేదు. ఎండాకాలం చిత్రకోట దగ్గర నిలబడితే రాయి ఎక్కువ, నీళ్లు తక్కువ.

ఇక దూరాలు. జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్, విశాఖ రెండూ రోడ్డున 300 కిలోమీటర్ల లెక్కలోకే వస్తాయి. రాయ్‌పూర్ దారిలో కేశ్‌కాల్ ఘాట్, 12 మలుపులు. విశాఖకు రైలంటే సుమారు 10 గంటలు, కొండచరియలు పడకపోతే. రాయ్‌పూర్–విశాఖ మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరసల రహదారి వస్తోందని ప్లాట్ల వాళ్లు ఊదరగొడుతున్నారు. అది జగదల్‌పూర్ మీదుగా పోదు, కాంకేర్, కొండగావ్ తాకి ఒడిశాలోకి దిగుతుంది. జగదల్‌పూర్‌లో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. దంతెవాడ నుంచి అక్కడికి 85 కిలోమీటర్లు, బీజాపూర్ నుంచి 160 పైనే. అరవై దాటినవాడికి ఇంతకంటే ముఖ్యమైన అంకె ఇంకోటి ఏముంటుంది?

మావోయిస్టుల సంగతి అడగకుండా ఎవరూ ఉండరు. సమస్య ముగించడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుంది. 2025 జనవరిలోనే బీజాపూర్ జిల్లాలో మందుపాతర పేలి 8 మంది జవాన్లు, వాళ్ల డ్రైవరు చనిపోయారు. నేలలో పాతిన వాటికి గడువులు తెలియవు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక వేలమంది ఇక్కడి నుంచి సరిహద్దు దాటి మన వైపు అడవుల్లోకి వచ్చారు, మనం గొత్తికోయలంటున్నది వాళ్లనే. చెలమ తవ్వితే నీరు ఊరే చోటు చూసుకుని గుడిసెలు వేసుకున్నారు.

ఆ చూపు వాళ్లకు ఊళ్లోనే అబ్బింది. బస్తర్ రైతు నేలను వాలును బట్టి నాలుగుగా పిలుస్తాడు. పైన, గట్టు మీద ఉండేది మర్హాన్. దాని కింద టిక్రా, తర్వాత మాల్. అన్నిటికంటే దిగువన, నాలుగు వైపుల నీరూ చేరే పల్లం గభార్. వరికి అదే బంగారం. ఇల్లు మాత్రం ఎవరూ అక్కడ కట్టరు.

మిత్రుడి ఫొటోను పెద్దది చేసి మళ్లీ చూశాను. చదును నేల, గట్ల మధ్య మెరుస్తున్న నీళ్లు, మడమ లోతు పచ్చదనం. అది గభార్.